మందు పెట్టె మీద అబద్ధపు రాతలుంటే చెన్నైలో ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి

“3 నెలల్లో షుగరు మాయం”, “20 రోజుల్లో కిడ్నీ రాళ్లు కరిగిపోతాయి”, “మోకాళ్లకి ఆపరేషన్ అక్కర్లేదు”. ఇలాంటి మాటలు అచ్చేసిన మందు మీ ఇంట్లో ఉంటే, మోసపోయామన్న కోపంలో దాన్ని చెత్తబుట్టలో పారేయకండి. పెట్టె, సీసా, లోపల మడతపెట్టి ఉన్న కాగితం, బిల్లు అన్నీ ఒక కవర్లో వేసి భద్రంగా దాచండి. ప్రభుత్వం చర్య తీసుకోవాలంటే మొదటి ఆధారం అదే.

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలోకి ఈ మందులు రకరకాల దారుల్లో వస్తాయి. పొద్దున్నే తెలుగు ఛానెల్లో అరగంటసేపు నడిచే ‘ఆరోగ్య కార్యక్రమం’ చూసి ఫోన్ చేస్తే, హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కొరియర్లో వస్తాయి. బంధువుల వాట్సాప్ గ్రూపులో వీడియో వస్తుంది. నెలకోసారి ఏదో లాడ్జిలో గది తీసుకుని కూర్చునే వైద్యుడు పొట్లాలు కట్టిస్తాడు. కొన్ని మన వీధి చివరి మందుల షాపులోనే దొరుకుతాయి. కొనేది ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్లు. పిల్లలు ఆఫీసులకు వెళ్లాక వాళ్ల పింఛను డబ్బుతో వాళ్లే తెప్పించుకుంటారు. అందుకే ఈ విషయం నాకు ఇంత పట్టింపు.

ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది “మందు వాడాం, పనిచేయలేదు” అని రాస్తారు. ఆ ఒక్క వాక్యంతో ఫిర్యాదు నీరుగారిపోతుంది. పనిచేయలేదని రుజువు చేయడం ఎవరి వల్లా అంత తేలిగ్గా కాదు. “మీరు పథ్యం సరిగ్గా చేయలేదు, ఇంకో 3 నెలలు వాడాల్సింది” అని కంపెనీ తప్పించుకుంటుంది. “ఈ పెట్టె మీద రాసిన ఈ మాట చట్టం ఒప్పుకోదు” అని రాయండి. అప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సింది కంపెనీ.

మందు వాడుతున్న మనిషి సంగతి ముందు చూడండి

షుగరు, బీపీ, ఫిట్స్, గుండె మందులు మాన్పించి దీన్ని వాడిస్తుంటే ఫిర్యాదు రేపు రాయొచ్చు, డాక్టరు దగ్గరికి ఈ రోజే వెళ్లండి. డబ్బా వెంట తీసుకెళ్లండి. కీళ్ల నొప్పికో ఆయాసానికో ఇచ్చిన పొడి రెండు మూడు రోజుల్లోనే మంత్రం వేసినట్టు పనిచేసి, ఆ తర్వాత మొహం ఉబ్బడం, షుగరు పెరగడం కనిపిస్తే అందులో స్టెరాయిడ్ కలిపారేమో అని అనుమానించాలి. చాలా రోజులు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించాలి. వాడిన మందు పేరు, ఎన్నాళ్లు వాడారు, ఏ ఇబ్బంది వచ్చింది అన్నది డాక్టరు చీటీలో రాయించుకోండి. ఇది తర్వాత చాలా పనికొస్తుంది. మందు వల్ల చెడు జరిగిందనిపిస్తే దేశమంతటికీ ఉన్న ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే వ్యవస్థ) టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కి కూడా చెప్పొచ్చు.

పెట్టెను నాలుగు వైపులా తిప్పి చదవండి

మా పక్కింటి పెద్దమ్మగారు తెచ్చి చూపించిన చూర్ణం డబ్బా ఎలా ఉందో చెబుతాను. ముందువైపు పెద్ద ఎర్ర అక్షరాల్లో “మధుమేహం నుంచి శాశ్వత విముక్తి”. పక్కన తెల్ల కోటు వేసుకున్న మనిషి బొమ్మ. వెనక్కి తిప్పితే ఆకుల బొమ్మ, దాని కింద “అరుదైన మూలికల మిశ్రమం” అన్న ఒకే ఒక్క మాట. ఏ మూలిక ఎంత ఉందో లేదు. లైసెన్సు నంబరు ఉండాల్సిన చోట ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు చేశామన్న రాత. అడుగున తేదీ స్టిక్కరు. గోటితో కొంచెం లేపితే కింద ఇంకో తేదీ. చిరునామా లేదు, సెల్ నంబరు మాత్రం ఉంది.

“పెద్దమ్మా, ఇది ఎక్కడ కొన్నారు?”

“టీవీలో చెప్పారు నాయనా, ఫోన్ చేస్తే వాళ్లే పంపారు. ఆకు పసరే కదా, ఏమీ కాదన్నారు. బిళ్లలు మానేయమన్నారు.”

ఆ ఒక్క డబ్బా మీదే అరడజను తప్పులున్నాయి. ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల లేబుల్ మీద ఏమేం ఉండాలో 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని 161వ రూల్ చెబుతుంది. మందు పేరు, అందులోని పదార్థాలన్నీ వాటి పరిమాణాలతో సహా, లోపల ఉన్న బరువు లేదా సంఖ్య, తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఇది ఆయుర్వేద మందో సిద్ధ మందో యునాని మందో తెలిపే మాట ఉండి తీరాలి. పైపూతకైతే ఆ సంగతీ రాయాలి. వాడకం గడువును 161బి రూల్ అడుగుతుంది. వీటిలో ఏది లేకపోయినా, ఆ లేని దాన్నే మీ ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయండి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

పదార్థాల జాబితా ఉంటే అందులో ఈ పేర్లు వెతకండి: వత్సనాభి, నల్లజీడి, ఉమ్మెత్త, విషముష్టి, గన్నేరు, గురివింద, పాదరసం, ఇంగిలీకం, తాళకం. ఇవి ఆ రూల్స్‌లోని షెడ్యూల్ ఇ(1)లో ఉన్న విషపదార్థాలు. శుద్ధి చేసి శాస్త్రప్రకారం వాడే పద్ధతి ఆయుర్వేదంలో ఉంది. కానీ ఇవి కలిసిన మందు లేబుల్ మీద ‘వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి’ అన్న హెచ్చరిక ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉండాలి. అది లేకుండా “చిన్నపిల్లలకూ సురక్షితం” అని రాస్తే అది తీవ్రమైన విషయం. 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశీలనలో, ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు అయిదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో కనబడ్డాయి.

“ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆమోదించినది” అన్న మాట చూసి ఆగిపోకండి. తాము ఏ కంపెనీ మందుకూ ఆమోద ముద్ర వేయమని, లైసెన్సులిచ్చేది రాష్ట్రాలేనని ఆ మంత్రిత్వ శాఖే ప్రకటించింది. జీఎంపీ, ఐఎస్ఓ ముద్రలు ఫ్యాక్టరీ పద్ధతుల గురించి చెబుతాయి, రోగం తగ్గుతుందని కాదు.

ఇది మందా, ఆహారమా?

14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో ఆహార పదార్థం. ‘న్యూట్రాస్యూటికల్’, ‘హెల్త్ సప్లిమెంట్’ పేర్లతో వచ్చే పొడులు, గోళీలు ఇవే. వీటి మీద ‘మందుగా వాడరాదు’ అన్న అర్థం వచ్చే మాట తప్పనిసరి. చాలా డబ్బాల మీద ఆ మాట చీమంత అక్షరాల్లో ఒక మూల ఉంటుంది, ముందువైపు “థైరాయిడ్ నయం” అని ఉంటుంది. అలాంటిదాన్ని ఫుడ్ సేఫ్టీ విభాగానికి పంపాలి. ఆహారం గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని సెక్షన్ 53 కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

ఆయుర్వేద, సిద్ధ, యునాని అని ఉంటే ఆయుష్ లైసెన్సింగ్ అధికారి చూస్తారు. అల్లోపతి మందైతే డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు. ఏ లైసెన్సు నంబరూ లేకపోతే ఇద్దరికీ పంపండి. లైసెన్సు లేకుండా మందు తయారు చేయడమే నేరం.

మీ ఫిర్యాదు ఏ చట్టం మీద నిలబడుతుంది

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం పేరు వినే ఉంటారు. దాని షెడ్యూల్‌లో 54 రోగాలు, స్థితులు ఉన్నాయి. మధుమేహం, క్యాన్సర్, గుండె జబ్బులు, రక్తపోటు, కిడ్నీ రాళ్లు, ఫిట్స్, పక్షవాతం, కీళ్లవాతం, ఊబకాయం, బొల్లి, శుక్లాలు, గ్లకోమా, లైంగిక బలహీనత, స్త్రీలలో సంతానలేమి, చివరికి ఎత్తు పెరగడం కూడా. వీటిని ఫలానా మందు నయం చేస్తుందని, తగ్గిస్తుందని, రాకుండా ఆపుతుందని ప్రచారం చేయడం సెక్షన్ 3 ప్రకారం నేరం. ఆ చట్టం ‘ప్రకటన’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో లేబుల్, పైన చుట్టిన కాగితం, కరపత్రం, నోటితో చెప్పిన మాట అన్నీ వస్తాయి. అంటే పెట్టె మీది రాత కూడా ప్రకటనే. అది నిజమా అబద్ధమా అని మీరు తేల్చనక్కర్లేదు. జాబితాలోని రోగం పేరు, నయమవుతుందన్న మాట ఒకేచోట ఉంటే చాలు. మొదటిసారి శిక్ష పడితే 6 నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే ఏడాది వరకు.

జుట్టు నల్లబడటం లాంటివి ఆ జాబితాలో లేవు. వాటికి అదే చట్టంలోని సెక్షన్ 4 పనికొస్తుంది, కానీ అక్కడ ప్రకటన తప్పుదోవ పట్టించేదని చూపించాలి.

రెండోది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోని సెక్షన్ 33ఇ. లేబుల్ మీద గానీ, పెట్టె మీద గానీ, మందుతో పాటు వచ్చిన దేని మీదైనా గానీ అబద్ధపు మాట, తప్పుదోవ పట్టించే బొమ్మ ఉంటే ఆ ఆయుర్వేద మందును ‘మిస్‌బ్రాండెడ్’ అంటుంది. ‘మందుతో పాటు వచ్చిన దేని మీదైనా’ అన్న ముక్కను గుర్తు పెట్టుకోండి. కొన్ని కంపెనీలు పెట్టెను శుభ్రంగా ఉంచి, అబద్ధాలన్నీ లోపలి కాగితం మీద రాస్తాయి. అదీ లెక్కలోకి వస్తుంది. వేరే కంపెనీ పేరుతో తయారు చేసినా, లేని కంపెనీ పేరు వేసినా అది ‘నకిలీ’, దానికి వేరే సెక్షను, ఇంకా పెద్ద శిక్ష.

పెట్టె మీది ఒక్క మాటకు ఇంత విలువ ఎలా వచ్చిందో తెలియాలంటే అమెరికా అనుభవం చూడాలి. అక్కడ 1906 జూన్ 30న ఆహార, ఔషధాల చట్టం వచ్చింది. లేబుల్ మీద అబద్ధం రాసిన పేటెంటు మందులను ప్రభుత్వం జప్తు చేయడం మొదలుపెట్టింది. క్యాన్సర్ నయం చేస్తానన్న జాన్సన్ అనే వ్యాపారి కేసు 1911లో అక్కడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టం మందులో ఏముందన్న అబద్ధాన్నే ఆపుతుంది, రోగం నయమవుతుందన్న అబద్ధాన్ని కాదు అని కోర్టు తేల్చింది. దాంతో 1912లో చట్టాన్ని సవరించారు. కానీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని ప్రభుత్వం రుజువు చేయాలన్న మెలిక మిగిలిపోయింది. పాము నూనె పేరుతో క్లార్క్ స్టాన్లీ అనే వ్యక్తి అమ్మిన లేపనంలో ఖనిజ తైలం, కొంచెం కొవ్వు, మిరప సారం లాంటివి కనబడితే అతనికి పడిన జరిమానా 20 డాలర్లు.

1937లో ‘ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్’ అనే మందు తాగి 100 మందికి పైగా చనిపోయారు. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉంది. అమ్మే ముందు మందు సురక్షితమో కాదో పరీక్షించాలన్న నియమం అప్పుడు లేదు. అధికారులకు దొరికిన దారి ఒక్కటే: ‘ఎలిక్సిర్’ అంటే ఆల్కహాలు ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి లేబుల్ అబద్ధం. ఆ ఒక్క మాట పట్టుకుని దేశమంతా తిరిగి సీసాలు వెనక్కి తెచ్చారు. మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది, ఉద్దేశం రుజువు చేయాలన్న మెలికా పోయింది. మన సెక్షన్ 33ఇలో కూడా ఆ మెలిక లేదు. కంపెనీ మనసులో ఏముందో మీరు చెప్పనక్కర్లేదు.

ఆ విషమే 2025లో చెన్నై పక్కన కాంచీపురం జిల్లాలో తయారైన దగ్గు సిరప్‌లో 48.6 శాతం ఉన్నట్టు తమిళనాడు డ్రగ్స్ కంట్రోల్ ల్యాబ్ తేల్చింది. మధ్యప్రదేశ్‌లో పసిపిల్లలు చనిపోయారు. మందుల లేబుళ్ల మీద నిఘా పాతకాలపు ముచ్చట కాదని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను.

ఆధారాలు పోగు చేయండి

పెట్టెకు ఆరు వైపులా ఫోటోలు తీయండి. బ్యాచ్ నంబరు, తేదీలు చదవగలిగేలా దగ్గరగా ఇంకోటి. లోపలి కాగితం రెండు వైపులా. టీవీ ప్రకటనైతే ఛానెల్ పేరు, తేదీ, సమయం రాసి పెట్టుకుని ఫోన్‌తో వీడియో తీయండి. వాట్సాప్ వీడియోను ఫోన్లో దాచండి, పంపిన తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. డబ్బు యూపీఐలో కట్టి ఉంటే ఆ రశీదు, కొరియర్ కవరు మీద పంపినవాళ్ల చిరునామా చాలా ముఖ్యం. పెట్టె మీద చిరునామా లేనప్పుడు ఆ కవరే దారి చూపిస్తుంది.

రెండు డబ్బాలుంటే సీలు విప్పనిది ముట్టుకోకండి. ఫిర్యాదుతో ఒరిజినల్ ఎప్పుడూ ఇవ్వకండి, జిరాక్సులు, ఫోటోలు చాలు. ఒరిజినల్ అడిగితే డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు చేతికిచ్చి రాతపూర్వకంగా రశీదు తీసుకోండి.

ఇప్పుడు చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పని. పెట్టె మీద, కాగితంలో, వీడియోలో ఉన్నది తెలుగు. ఇక్కడి అధికారికి అది చదవడం రాదు, పాపం ఆయన తప్పేమీ లేదు. అర్థం కాని కాగితం ఫైల్లో అడుగుకు పోతుంది. అందుకని ప్రతి అభ్యంతరకరమైన వాక్యాన్నీ తెలుగులో ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కనే తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో అర్థం రాయండి. వీడియో అయితే ఎన్నో నిమిషంలో ఆ మాట వస్తుందో కూడా. “మటుమాయం”, “వేర్లతో సహా పోతుంది”, “జన్మలో మళ్లీ రాదు” లాంటి మాటలకు సరైన అర్థం ఇవ్వండి, పెంచకండి, తగ్గించకండి. మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే తమిళంలో వాళ్లే చక్కగా రాసిపెడతారు.

లేఖ ఇలా రాయండి

ఒక పేజీ దాటనివ్వకండి. ఇంగ్లిష్‌లో గానీ తమిళంలో గానీ ఉండాలి, సారాంశం మాత్రం ఇది:

“నేను ఫలానా తేదీన ఫలానా షాపులో (లేదా ఫలానా నంబరుకు ఫోన్ చేసి) ఈ మందు కొన్నాను. బిల్లు జతపరిచాను. బ్యాచ్ నంబరు ఇది, తయారీ తేదీ ఇది, తయారీదారు చిరునామా ఇది. పెట్టె ముందువైపు ‘మధుమేహం నుంచి శాశ్వత విముక్తి’ అని ఉంది. మధుమేహం 1954 చట్టం షెడ్యూల్‌లో ఉన్న రోగం. కాబట్టి ఈ లేబుల్ ఆ చట్టంలోని సెక్షన్ 3కి విరుద్ధం. లేబుల్ మీద పదార్థాల పరిమాణాలు, లైసెన్సు నంబరు లేవు, ఇది 161వ రూల్‌కు విరుద్ధం. ఇదే మందు ఫలానా వీధిలోని ఫలానా షాపులో ఈ రోజుకీ అమ్ముతున్నారు. నమూనా తీసి పరీక్షించమని, తీసుకున్న చర్య నాకు తెలియజేయమని కోరుతున్నాను.”

“దుర్మార్గులు”, “ప్రజల ప్రాణాలతో చెలగాటం” లాంటి మాటలు రాయాలని మనసు లాగుతుంది. రాయకండి. ఎక్కడ అమ్ముతున్నారన్న వాక్యాన్ని మాత్రం వదలకండి. ఎందుకో కింద చెబుతాను. ల్యాబ్ రిపోర్టు రాకముందే “ఇది విషం” అని ఫేస్‌బుక్‌లో పెట్టకండి, పరువు నష్టం నోటీసు మీకే వస్తుంది.

చెన్నైలో ఎక్కడ ఇవ్వాలి

ఆయుర్వేద, సిద్ధ, యునాని మందులకు అరుంబాక్కంలోని భారతీయ వైద్య, హోమియోపతి డైరెక్టరేట్. అరిజ్ఞర్ అన్నా ప్రభుత్వ ఆసుపత్రి ప్రాంగణంలోనే, అన్నా ఆర్చ్‌కి దగ్గర్లో ఉంటుంది. అల్లోపతి మందులకు తేనాంపేటలో అన్నా సాలై మీది డీఎంఎస్ ప్రాంగణంలో ఉన్న డ్రగ్స్ కంట్రోల్ డైరెక్టరేట్, ఏజీ-డీఎంఎస్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు. 1954 చట్టం కింద ఫిర్యాదైతే నా సలహా ఇద్దరికీ ఒక్కో కాపీ ఇవ్వమని. ఇది వాళ్ల పని అని ఒకరు, వీళ్ల పని అని ఇంకొకరు అనే అవకాశం ఉండదు. చేతికిస్తే తపాల్ సెక్షన్‌లో మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు రశీదు దాచండి.

తయారీ లైసెన్సు తెలంగాణదో ఆంధ్రదో అయితే ఆ రాష్ట్రానికి కూడా పంపాలి, లైసెన్సు రద్దు చేయగలిగేది వాళ్లే. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఈ విషయంలో చురుగ్గా ఉంది. కిడ్నీ రాళ్లు, మధుమేహం, కీళ్లవాతం తగ్గిస్తామని లేబుల్ మీద రాసిన ఆయుర్వేద మందులను, ఆ రాత ఒక్కటే కారణంగా చూపి 2024 నుంచి చాలాసార్లు జప్తు చేసింది. వాళ్ల టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969. తెలుగులోనే మాట్లాడొచ్చు. కేంద్రం 2025 మే 30న ప్రారంభించిన ఆయుష్ సురక్ష పోర్టల్‌లో కూడా తప్పుడు ప్రకటనలను నమోదు చేయొచ్చు, ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి అదీ చేయండి.

ఆ తర్వాత ఏం జరుగుతుంది

అల్లోపతి మందైతే సెక్షన్ 26 ప్రకారం కొన్నవాళ్లే ఫీజు కట్టి, ఫారం 14ఎ నింపి, ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకోవచ్చు. రిపోర్టు మీ పేరు మీదే వస్తుంది. ఆయుర్వేద మందులకు ఆ సెక్షను వర్తించదు. అక్కడ ఇన్‌స్పెక్టరు నమూనా తీయాలి, కోర్టులో కేసు వేయాల్సింది కూడా ఆయనే, అదీ పై అధికారి అనుమతితో.

ఇన్‌స్పెక్టరు షాపుకు వెళ్లి, వెల చెల్లించి, నమూనా తీసినట్టు తెలిపే ఫారం 17 ఇచ్చి మందు తీసుకుంటారు. దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి షాపువాళ్లకి, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి కోర్టుకి, ఒకటి తయారీదారుకి. ల్యాబ్ రిపోర్టును షాపువాళ్లో తయారీదారో కాదనాలంటే 28 రోజుల్లోపు చెప్పాలి. మీరు సగం వాడిన డబ్బా ఈ పద్ధతిలో నమూనాగా పనికిరాదు. అందుకే ఎక్కడ అమ్ముతున్నారో రాయమన్నాను. సరుకు షాపులో ఉండగానే ఇన్‌స్పెక్టరు వెళ్లాలి. మీరు ముందే షాపుకెళ్లి గొడవపడితే సాయంత్రానికి ఆ అర ఖాళీ అవుతుంది.

కదలిక లేకపోతే

ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100కి ఫోన్ చేసి లేఖ తేదీ చెప్పండి. నెల దాటినా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి అడగండి. “ఎందుకు చర్య తీసుకోలేదు” అని అడిగితే జవాబు రాదు. “ఫలానా తేదీ నా ఫిర్యాదు మీద నమూనా తీశారా, తీస్తే ఫారం 17 కాపీ, విశ్లేషకుడి రిపోర్టు కాపీ ఇవ్వండి” అని కాగితాలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు.

ఇలా అడిగితే ఏమవుతుందో కేరళలో చూశాం. కన్నూరుకు చెందిన కంటి వైద్యుడు కె.వి. బాబు 2022 నుంచి పతంజలి మందులు తయారు చేసే దివ్య ఫార్మసీ ప్రకటనల మీద 1954 చట్టం ప్రస్తావించి ఫిర్యాదులు పంపుతూ, ఆర్టీఐ దరఖాస్తులు పెడుతూ వచ్చారు. ఆఫీసులు ఒకదాని మీదికి ఒకటి నెట్టుకున్నా ఆయన వదల్లేదు. చివరికి కేరళ డ్రగ్స్ కంట్రోల్ విభాగం ఆ ప్రకటనల మీద కోర్టుల్లో కేసులు వేసింది. 2024 ఏప్రిల్లో, సుప్రీంకోర్టులో పతంజలి ప్రకటనల వ్యాజ్యం నడుస్తుండగా, ఉత్తరాఖండ్ ప్రభుత్వం దివ్య ఫార్మసీకి చెందిన 14 ఉత్పత్తుల లైసెన్సులను సస్పెండ్ చేసి, తర్వాతి నెల ఆ ఉత్తర్వును తానే నిలిపేసింది. ఈ పనిలో ఒక అడుగు ముందుకు పడ్డాక వెనక్కి జారడం కూడా ఉంటుంది. అందుకే ప్రతి కాగితం కాపీ మీ దగ్గర ఉండాలి.

మీ డబ్బు సంగతి

పైన చెప్పిన ఆఫీసులు మీ డబ్బు ఇప్పించవు. దానికి వేరే దారి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. తెలుగులో మాట్లాడతామంటే ఆ సౌకర్యం ఉంది. చాలా కంపెనీలు అక్కడే డబ్బు తిరిగిస్తామంటాయి. ఇచ్చినా మీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టకండి. లేబుల్ మీది నేరం మీకూ వాళ్లకూ మధ్య గొడవ కాదు.

కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కొన్న వస్తువు వెల 5 లక్షలలోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. స్క్రీన్‌షాట్లు, వీడియోలు పెట్టేటప్పుడు, వాటిని ఏ ఫోన్లో ఎప్పుడు తీశారో చెప్పే ధ్రువపత్రం 2023 భారతీయ సాక్ష్య చట్టంలోని సెక్షన్ 63 ప్రకారం జతచేయండి. డాక్టరు చీటీ, ఆసుపత్రి బిల్లులు ఇక్కడే పనికొస్తాయి. గడువు 2 ఏళ్లు. మందు ఆపి ఇన్నాళ్లయింది కదా అని వాయిదా వేసుకుంటూ పోతే ఆ గడువు దాటిపోతుంది. కమిషన్ ముందు ఒరిజినల్ పెట్టె అడుగుతారు కాబట్టి, కేసు తేలేదాకా దాన్ని తడి తగలని చోట, పిల్లలకు అందకుండా ఉంచండి.